ఇంటి పక్క పచ్చని చెట్టు: ఉంచాలా, కొట్టించాలా?

ఎండిన చెట్టు గురించి ఇంట్లో గొడవ ఉండదు. కొట్టించేస్తారు. చిక్కంతా నిండుగా ఆకులేసుకుని, ఏటా పూసి కాసి, గోడకు ఆరడుగుల దూరంలో నిలబడ్డ చెట్టుతోనే. ఇంట్లో ఒకరికి అది నీడ, ఇంకొకరికి భయం. పొరుగింటావిడకు రోజూ ఊడ్చుకోవాల్సిన చెత్త. కొత్తగా కారు కొన్నవాళ్లకు అడ్డం. అమెరికాలో ఉన్న కొడుకు తుపాను వార్త చూసి ఫోన్ చేసి, "అమ్మా, ముందు ఆ చెట్టు కొట్టించండి" అంటాడు. తండ్రి వినీ విననట్టు ఊరుకుంటాడు. అది ఆయన నాటిన చెట్టు.

ఈ ఒక్క ప్రశ్న మీద అటవీ శాస్త్రవేత్తలు, సివిల్ ఇంజినీర్లు, బీమా కంపెనీలు, కోర్టులు, వాస్తు పండితులు ఎవరికి వారు చాలా చెప్పారు. వాళ్లు తేల్చినదేమిటి, అది మన నేలకూ మన ఇళ్లకూ ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెట్టు ఆరోగ్యంగా ఉందన్న మాట ఒక్కటే దాన్ని ఉంచడానికి చాలదు. ఇంటికి దగ్గరగా ఉందన్న మాట ఒక్కటే కొట్టించడానికీ చాలదు. చెట్టు వల్ల మనకున్న ఇబ్బంది కచ్చితంగా ఏది, ఆ ఇబ్బంది తీరడానికి చెట్టు పోవడం తప్ప దారి లేదా అన్నవి రెండూ తేలాకే రంపం పట్టాలి. మన ఊళ్లలో చాలా చెట్లు ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడక్కుండానే పోతున్నాయి.

ముందుగా ఆరోగ్యం సంగతి. ఆకు పచ్చగా ఉందంటే నీరు పైదాకా అందుతోందని అర్థం, అంతే. నీటిని మోసేది బెరడు కింద ఉన్న పచ్చి చెక్క. లోపలి చేవ ఎప్పుడో చచ్చిపోయిన కలప. అందుకే లోపల మనిషి పట్టేంత తొర్ర పడ్డ చింతమాను కూడా ఏటా చిగురు వేస్తుంది, కాయ దించుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మానులను నిలువునా కోసి పరిశీలించి, 1970ల్లో ఒక సంగతి తేల్చారు. మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. చెట్టు గాయంలో పట్టిన పుచ్చు చుట్టూ అడ్డుగోడ కట్టి, అక్కడికి దాన్ని ఆపి, బయట కొత్త చెక్క పోసుకుంటుంది. జర్మనీలో క్లాస్ మట్టెక్ 1990ల్లో దీనికి ఒక కొలత జోడించారు. తొర్ర పడ్డ మానులో చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో మూడో వంతుకు అటూ ఇటుగా ఉంటే, ఆ చెట్టు సాధారణంగా నిలబడుతుందన్నారు. ఆ లెక్క మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. కానీ తొర్ర కనిపించగానే చెట్టు అయిపోయిందనుకోవడం తప్పని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

పచ్చదనం లేకపోవడం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 2021లో తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ వచ్చాయి. వందేళ్ల మానులు సైతం కాల్చినట్టు నిలబడ్డాయి. శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అది. వ్యవసాయ శాస్త్రవేత్తలు కంగారుపడి నరకొద్దని చెప్పారు. నెలలు గడిచాక వాటిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఆ కొద్ది నెలలు ఓపిక పట్టలేనివాళ్లకు మాత్రం మొద్దులు మిగిలాయి.

ఇక ఏ తెగులూ లేని చెట్టు కూలిపోవడం గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలితో తాకినప్పుడు ఊరు ఊరంతా ఒక్క పూటలో నీడ లేకుండా పోయింది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో కొద్దిసేపు వీచిన పెనుగాలికి దాదాపు 50 వేల చెట్లు నేలకొరిగాయని అధికారులు లెక్కగట్టారు. పడ్డవాటిలో నిండు ఆరోగ్యంతో ఉన్నవే ఎక్కువ. నేల నానిపోయి ఉంది, గాలి అసాధారణమైనది. అలాంటి గాలికి ఏ చెట్టూ పూచీ ఇవ్వలేదు. అయితే అలాంటి గాలిని తలుచుకుని ఊళ్లో ఉన్న ప్రతి చెట్టునూ తీసేయాలంటే, అదే గాలికి ఎగిరే రేకుల షెడ్డునూ, హోర్డింగునూ, నీళ్ల ట్యాంకునూ కూడా తీసేయాలి.

మామూలు ఈదురుగాలులకు ఏ చెట్టు పడుతుంది, ఏది నిలుస్తుందన్న దానికి ఇప్పుడు కొంత ఆధారం ఉంది. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ డురియా, ఎలియానా కాంఫ్ 1992 నాటి ఆండ్రూ మొదలుకొని అనేక తుపానుల తర్వాత వీధివీధీ తిరిగి, పడ్డ చెట్లనూ నిలిచిన చెట్లనూ లెక్కపెట్టారు. ఒంటరి చెట్ల కన్నా గుంపుగా ఉన్నవి బాగా నిలిచాయి. ఆ నేలకు చెందిన జాతులు బయటి నుంచి తెచ్చినవాటి కన్నా మేలనిపించాయి. పద్ధతిగా కొమ్మలు కత్తిరించిన చెట్లు, కత్తిరించని వాటి కన్నా తక్కువ పడ్డాయి. అన్నిటికన్నా ముఖ్యం, వేళ్లకు చోటు ఉన్నవి నిలిచాయి. మన వీధుల్లో గాలికి ముందు విరిగేవి ఏవో కళ్లున్న ఎవరికైనా తెలుసు. తురాయి, పచ్చతురాయి, ఆస్ట్రేలియా తుమ్మ. త్వరగా పెరుగుతాయని వరసలు కట్టి నాటాం. త్వరగా పెరిగిన చెక్క పెళుసుగా ఉంటుంది. మునగ కూడా అంతే, కాకపోతే అది పడితే పెద్ద నష్టం ఉండదు.

చెట్టు కింద ఇంకో చెట్టు తలకిందులుగా ఉందని చాలామంది ఊహ. నిజానికి పెద్ద చెట్టు వేళ్లలో అధిక భాగం పైనున్న రెండు మూడడుగుల మట్టిలోనే, కొమ్మల కొసలను దాటి చాలా దూరం, వెడల్పాటి పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఉండే తల్లివేరు పెద్దయ్యాక చాలా జాతుల్లో ప్రాధాన్యం కోల్పోతుంది. నీటి మట్టం పైకి ఉండే కృష్ణా, గోదావరి డెల్టాల్లో, అడుగున రాయి తగిలే హైదరాబాదులో ఆ వేళ్లు ఇంకా పైపైనే ఉంటాయి. ఆ పరుపే చెట్టును నిలబెడుతుంది. దాన్ని ఒక పక్క తెగ్గొడితే చెట్టు ఆ పక్కకు పట్టు పోగొట్టుకుంటుంది.

మా కాలనీ మలుపులో ఒక వేపచెట్టు ఉంది. ఒకప్పుడు దాని చుట్టూ ఖాళీ మట్టి నేల. ఇప్పుడు ఒక వైపు సీసీ రోడ్డు మాను దాకా వచ్చి ఆగింది. ఇంటివైపు పార్కింగ్ టైల్స్ మానుకు నాలుగు వేళ్ల దూరం వరకు పరిచారు. మూడో వైపు కాల్వ కోసం తవ్వినప్పుడు మణికట్టు లావు వేళ్లు మూడు నాలుగు తెగి, తవ్విన మట్టిలో ఎర్రగా కనిపించాయి. మర్నాటికి వాటి మీద కాంక్రీటు పోసేశారు. ఆ చెట్టు ఇప్పటికీ పచ్చగానే ఉంది. వేరు పోయిన సంగతి ఆకుల్లో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. ఏదో ఒక మే నెల సాయంత్రం గాలివానకు అది కాల్వ వైపు పట్టు తప్పితే, "చెట్టు ప్రమాదం" అని వార్త వస్తుంది. ప్రమాదం చెట్టు తెచ్చింది కాదు. ఇంటి పక్క చెట్టు భద్రమా కాదా అని అడిగే ముందు, గత పదేళ్లలో దాని చుట్టూ ఎవరు ఏం తవ్వారో అడగాలి. నిపుణుడు పరికరాలతో చెప్పగలిగేదాని కన్నా ఈ చరిత్ర ఎక్కువ చెబుతుంది. ఇంటివాళ్లకు తప్ప మరొకరికి తెలియని చరిత్ర ఇది.

అలా అడిగాక చెట్టు చుట్టూ తీరిగ్గా ఒకసారి తిరగాలి. మొదలు దగ్గర మట్టి ఒక పక్క కొత్తగా లేచిందా, పగిలిందా? మాను పుట్టినప్పటి నుంచీ వంగి, కొస మాత్రం నిటారుగా తిరిగి ఉంటే భయపడక్కర్లేదు. అది ఆ వంపుకు తగ్గట్టు తనను తాను బలపరచుకుంది. నిరుడు నిటారుగా ఉన్నది ఈ ఏడు వంగితే మాత్రం ఆలస్యం చేయకూడదు. మొదలు చుట్టూ గట్టి పుట్టగొడుగులు పళ్లేల్లా అంటుకుని ఉంటే, లోపల వేరు కుళ్లుతోందన్నమాట. మాను రెండుగా చీలే పంగ దగ్గర చేయి పెట్టి చూడాలి. రెండు కొమ్మల మధ్య చెక్క ఉబ్బి కలిసిపోయి ఉంటే గట్టిది. బెరడు లోపలికి మడుచుకుపోయి సన్నని గీతలా దిగి ఉంటే, ఆ రెండు మానులూ కలిసి పెరగలేదు, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. పెద్ద గాలికి చీలేది అక్కడే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది అక్షరాలా ఇలాంటి పంగలకు సరిపోతుంది. మొక్కగా ఉన్నప్పుడు రెండింటిలో ఒకటి తీసేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

అపాయం ఎంత అన్నదానికి బ్రిటన్ లెక్క ఒకటి తరచుగా వినిపిస్తుంది. చెట్టో కొమ్మో పడి మనిషి చనిపోయే అవకాశం అక్కడ ఏడాదికి కోటి మందిలో ఒకరికి. ఈ లెక్కను మనం యథాతథంగా తెచ్చుకోవడానికి వీల్లేదు. మనకు తుపానులున్నాయి, వేళ్లు నరికే కాల్వలున్నాయి, చెట్టు కిందే టీ బండి పెట్టుకుని రోజంతా ఉండే మనుషులున్నారు. అయినా ఆ లెక్క వెనకున్న ఆలోచన మనకూ పనికొస్తుంది. పడే చెట్టు కాదు, పడ్డప్పుడు దాని కింద ఉండే మనిషి అసలు లెక్క. ఖాళీ పెరడు వైపు ఒరిగిన కొబ్బరిచెట్టు ఒకటి. పిల్లలు పడుకునే రేకుల గది మీదికి ఒరిగినది ఇంకొకటి. రెండూ ఒకే తోటలోవైనా, ఒకే తీర్పు ఇవ్వకూడదు.

ఇక ఇంటి గోడ. చెట్టు వేరు పునాదిని పగలగొడుతుందన్న మాట మేస్త్రీ దగ్గర నుంచి వాస్తు పంతులు దాకా అందరి నోటా ఉంది. వేరుకు గట్టి కాంక్రీటును బద్దలుకొట్టే బలం లేదు. తేలికపాటి ప్రహరీ గోడను, గచ్చును, టైల్స్‌ను, సెప్టిక్ ట్యాంకు పైపలకను అది లావయ్యే కొద్దీ ఎత్తేస్తుంది, అది నిజం. పైపులోకి వేరు దూరిందంటే దాదాపు ఎప్పుడూ ఆ పైపు అతుకు ముందే కారుతోంది. తడి ఉన్నచోటికి వేరు పోయింది. చెట్టు కొట్టించినా కారే పైపు కారుతూనే ఉంటుంది.

పునాదికి నిజమైన ముప్పు వేరు బలంతో కాదు, దాహంతో. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. చెట్టు ఎండాకాలంలో ఆ మట్టిలోని తేమను లాగేస్తే, లోతు తక్కువ పునాది ఉన్న ఇంటి ఒక మూల కుంగుతుంది. 1976లో ఇంగ్లండులో వచ్చిన కరువుకు లండన్ బంకమట్టి మీది ఇళ్లు వేల సంఖ్యలో బీటలు వారాయి, బీమా కంపెనీల దగ్గర కుప్పలుగా క్లెయిములు పడ్డాయి. ఏ చెట్టు ఎంత దూరం నుంచి ఇంటిని పాడుచేయగలదో చెప్పడానికి లండన్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్లు ఏళ్ల తరబడి సమాచారం పోగుచేశారు. 1981లో కట్లర్, రిచర్డ్‌సన్ దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఓక్, పాప్లర్, విల్లో లాంటి దాహం ఎక్కువ చెట్లు అందులో ముందు వరసలో నిలిచాయి. ఆ పట్టికలను ఇప్పటికీ చాలామంది ఉదహరిస్తారు. కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ సర్వేలోకి వచ్చినవి అప్పటికే దెబ్బతిన్న ఇళ్లు. అదే చెట్టు అంతే దూరంలో ఉండి బీట కూడా పడని ఇళ్లెన్నో ఆ లెక్కలో లేవు.

మనకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది మట్టిని బట్టే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఈ విషయంలో లండన్ మట్టికేమీ తీసిపోదు. వేసవిలో చేయి దూరేంత నెర్రెలు చూసినవాళ్లెవరికీ ఇది విడమరచి చెప్పక్కర్లేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు ఉండే పైల్ పునాదులను రూపొందించింది ఇలాంటి నేల కోసమే. అలాంటి నేలలో, పాత రాతి పునాది మీద కట్టిన ఇంటి గోడకు పదడుగుల్లో పెద్ద రావిచెట్టు ఉంటే తప్పకుండా ఆలోచించాలి. ఎర్రనేల, మొరం నేల మీద పిల్లర్లతో లేపిన ఇంటికి ఈ భయం దాదాపు లేనట్టే. హైదరాబాదులో మొరం మీద కట్టిన ఇంటికి నల్లరేగడి భయాన్ని అంటగట్టి ఎన్ని చెట్లు కొట్టించారో!

గోడలో బీట కనిపిస్తే చేయాల్సింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయాలి. వెడల్పు ఎక్కడ ఎక్కువో అక్కడ స్కేలు పెట్టి కొలిచి రాసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వెడల్పయి, శ్రావణ భాద్రపదాల్లో మూసుకుంటూ ఉంటే మట్టి తేమతో సంబంధం ఉన్నట్టు, అప్పుడు చెట్టు మీద అనుమానం సబబు. కాలంతో పని లేకుండా ఒకే తీరుగా పెరుగుతుంటే కారణం వేరే ఉంది. ఇనుము తుప్పో, కారే నీళ్లో, సరిగా దట్టించని పునాది మట్టో. దీనికి ఒక ఏడాది పడుతుంది. గోడ నిజంగా కూలే స్థితిలో లేకపోతే ఆ ఏడాది ఆగడం వల్ల నష్టం లేదు.

ఆగకుండా కొట్టిస్తే నష్టం ఉండొచ్చు, దీన్ని మన ఇంజినీర్లు కూడా తగినంత చెప్పడం లేదు. పెద్ద చెట్టు పక్కన ఉన్నప్పుడే ఇల్లు కట్టారనుకోండి. బంకమట్టి అప్పటికే ఆరి బిగుసుకుని ఉంది, దాని మీద పునాది కూర్చుంది. చెట్టు కొట్టేశాక లాగేవాళ్లు లేక మట్టిలోకి తేమ తిరిగి చేరుతుంది, మట్టి ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బుతుంది, ఇంటి మూలను పైకి నెడుతుంది. కుంగిన ఇంటి కన్నా ఇలా లేచిన ఇంటిని బాగుచేయడం కష్టం. అందుకే నల్లరేగడిలో ఇంటి కన్నా ముందు నుంచీ ఉన్న చెట్టును ఒక్క రోజులో తీసేయడం ఇంటికే మంచిది కాకపోవచ్చు.

చిన్న చిన్న ఇబ్బందులే నిజానికి ఎక్కువ చెట్లను పడగొడుతున్నాయి. ఆకు రాలి సంపులో పడుతుంది, డాబా మీద నీళ్లు పోయే గొట్టం పూడుతుంది. మునగకు బొంత పురుగులు పడతాయి. తెలంగాణ పల్లెల్లోనైతే కొమ్మ మీదుగా కోతులు ఇంటి మీదికి దిగుతాయి, పెంకులు పీకుతాయి, వంటింట్లోకి వస్తాయి. ఆ బాధ పడేవాళ్లకు చెట్టు గొప్పతనం గురించి ఉపన్యాసం చెప్పడం న్యాయం కాదు. కానీ వీటిలో ప్రతిదానికీ చెట్టు కన్నా చిన్న మందు ఉంది. సంపుకు గట్టి మూత, గొట్టం నోటికి జాలీ, ఇంటికి మనిషి నిలువు కన్నా ఎక్కువ దూరం ఉండేలా కొమ్మలు వెనక్కి తీయించడం.

అలర్జీ విషయం కాస్త వేరు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్లు చలికాలం ముందు పూసినప్పుడు ఆ ఘాటు వాసనకు ఉబ్బసం రోగులు అల్లాడుతున్నామని మొరపెట్టుకున్నారు. కోనోకార్పస్ అనే చెట్టు మీదా ఇలాంటి ఆరోపణలు ముదిరి, తెలంగాణ 2022లో తన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారంలో దాన్ని నాటడం ఆపింది. ఆ చెట్టు చేసే హాని ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఉండి, అలర్జీ పరీక్షలో ఆ పుప్పొడే కారణమని తేలితే, అది చెట్టు తీయడానికి నాకు సరైన కారణంగానే తోస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియో మాత్రం కారణం కాదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పక్కనే ఉన్నదాని విలువ మనకు కనబడదు. అది ఇచ్చేదేమిటో కొలిచినవాళ్లున్నారు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 460 ఇళ్ల కరెంటు వాడకాన్ని పరిశీలించిన జెఫ్రీ డోనవన్, డేవిడ్ బట్రీ, పడమర, దక్షిణ దిక్కుల్లో ఉన్న చెట్లు వేసవి వాడకాన్ని సుమారు 5 శాతం తగ్గించాయని 2009లో రాశారు. ఉత్తరం వైపు చెట్లతో ఆ మేలు లేదు. మన ఎండలకు పడమటి గోడ మీద మధ్యాహ్నం మూడింటి నీడ ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. ఆ డోనవనే మరికొందరితో కలిసి 2013లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఒక పురుగు వల్ల అమెరికాలో పది కోట్ల యాష్ చెట్లు చచ్చిపోయాయి. అది సోకిన 15 రాష్ట్రాల్లో, చెట్లు పోయిన జిల్లాల్లో గుండె జబ్బులతో 15 వేలకు పైగా, శ్వాసకోశ జబ్బులతో 6 వేలకు పైగా అదనపు మరణాలు నమోదయ్యాయి. చెట్లు లేకపోవడమే ఆ మరణాలకు కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు, నిరూపించే పద్ధతీ కాదు. కానీ కొట్టేయడాన్ని ఖర్చులేని పనిగా చూసేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాల్సిన లెక్క అది.

చెట్టు వల్ల మేలు మనుషులకే కాదు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు, గూడబాతులు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. రెట్టల కంపు, చేపల నీచు వాసన భరించి అక్కడి జనం ఆ చెట్లను తరతరాలుగా ఉంచుకున్నారు. పక్షులు రాని ఏడాది ఊరికి మంచిది కాదని వాళ్ల నమ్మకం. ఎవరికి ఏది ఇబ్బంది, ఏది సంపద అన్నది మనసును బట్టి కూడా ఉంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. సరుగుడు, సుబాబుల్ లాంటి మినహాయింపు ఉన్నవి తప్ప, సొంత పెరట్లో సొంత చేత్తో నాటిన చెట్టయినా కొట్టడానికి ముందు అనుమతి కావాలి, బదులుగా మొక్కలు నాటాలి. పొరుగింటి చెట్టు పడేలా ఉందంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ సెక్షన్‌లో తొలగించడంతో పాటు ఆసరా పెట్టడం కూడా మార్గంగా ఉందన్నది చాలామంది గమనించరు. సుప్రీంకోర్టు నియమించిన ఒక నిపుణుల సంఘం 2021లో చెట్టు విలువను దాని వయసుకు ఏడాదికి 74,500 రూపాయల చొప్పున కట్టింది. 2025లో తాజ్‌మహల్ పరిసరాల్లో అనుమతి లేకుండా 454 చెట్లు నరికిన కేసులో అదే కోర్టు చెట్టుకు లక్ష చొప్పున జరిమానాను సమర్థించింది. ఈ అంకెలు ఇంటి ముందు వేపచెట్టు గురించి నిర్ణయం చెప్పవు. నిర్ణయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మాత్రం చెబుతాయి.

వాస్తు పేరు చెప్పి కొట్టించేవాళ్లు తరచుగా ప్రమాణంగా చూపే గ్రంథం వరాహమిహిరుడి బృహత్సంహిత. ఇంటి దగ్గర ముళ్ల చెట్లు, పాల చెట్లు, పండ్ల చెట్లు మంచివి కావని అందులో ఉన్న మాట నిజమే. ఆ వెంటనే ఇంకో మాట ఉంది. వాటిని కొట్టలేకపోతే ఇంటికీ వాటికీ మధ్య పున్నాగ, అశోకం, పొగడ, పనస, జమ్మి వంటివి నాటమంటాడు ఆయన. పదిహేను వందల ఏళ్ల కిందటి పండితుడు కొట్టకుండా గట్టెక్కే దారి చెప్పి వెళ్లాడు. ఆ రెండో సగం ఎవరూ చదివి వినిపించడం లేదు.

కొట్టకుండా బాగుచేయడమంటే మన దగ్గర తల నరకడం అనుకుంటున్నారు. అది చెట్టుకు చేయగల పెద్ద అపకారం. నరికిన చోట గుత్తులుగా లేచే కొత్త కొమ్మలు పైపైనే అంటుకుని ఉంటాయి, నాలుగైదేళ్లలో బరువెక్కి గాలికి ఊడిపడతాయి. మొండెం లోపలికి పుచ్చు దిగుతుంది. 11 కేవీ కరెంటు తీగల కింద ఏటా ఒకే పక్క కొట్టిన చెట్టు రెండో పక్కకు బరువు వేలాడదీసుకుని నిలబడుతుంది. సరైన పద్ధతిలో, తీయాల్సిన కొమ్మను మానుతో కలిసే చోట ఉండే ఉబ్బును తాకకుండా దాని అంచున కోయాలి. కింద నుంచి ముందు గాటు పెట్టి, తర్వాత పై నుంచి కోస్తే బెరడు చీలదు. గాయానికి తారు, సిమెంటు పూయక్కర్లేదు. షైగో పరిశోధనలు వాటితో ప్రయోజనం లేదనే తేల్చాయి. ప్రహరీని వేరు ఎత్తేస్తుంటే ఆ ఒక్క మూరెడు మేర గోడ తీసి, వేరు మీదుగా చిన్న బీము వేసి దాటించొచ్చు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, సెలైన్ సీసాలతో మందు ఎక్కించి, కొమ్మల కింద దిమ్మెలు కట్టి నిలబెట్టారు. జబ్బుపడ్డ చెట్టు కోసం అంత చేయగలిగినప్పుడు, జబ్బు లేని చెట్టు కోసం కాస్త గోడ మార్చడం పెద్ద పనేమీ కాదు.

పెకలించి వేరేచోట నాటడం గురించి ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దని నా సలహా. హైదరాబాద్ మెట్రో పనుల్లో కొన్ని వందల చెట్లను అలా తరలించారు. మర్రి, రావి జాతులు బాగా తట్టుకుంటాయి. కానీ క్రేన్ తిరగని సందులో, ముప్పై ఏళ్ల మామిడికి అది జరిగే పని కాదు.

ఇంత చెప్పాక, కొట్టించడమే న్యాయమైన సందర్భాలూ ఉన్నాయని ఒప్పుకోవాలి. ఒక పక్క వేళ్లన్నీ తెగిపోయి, ఆ చెట్టు ఒరిగే వైపే మనుషులు పడుకునే గది ఉంటే. పంగలో బెరడు మడుచుకుపోయి, చీలిక మొదలై, తీగ బిగించి ఆపే వీలు కూడా లేకపోతే. నల్లరేగడిలో పాత పునాది మీద ఏడాది పాటు కొలిచిన బీట కాలాన్ని బట్టి కదులుతూ పెరుగుతూ పోతుంటే. రెండు వందల గజాల స్థలంలో గోడకు మూడడుగుల దూరంలో ఎవరో తెలియక నాటిన రావిమొక్క ఇంకా చేతి లావులోనే ఉంటే. ఆ చివరిది నాకు అసలు సందేహం లేని సందర్భం. పిట్టగోడ పగులులో మొలిచిన రావిని కూడా ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. చెట్టు మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ పని ముందు చేయాలి. లేకపోతే నలభై ఏళ్ల తర్వాత మన పిల్లలు మహావృక్షాన్ని కొట్టించాల్సి వస్తుంది.

ఎవరిని అడగాలన్నది కూడా నిర్ణయంలో భాగమే. కలప కొనుక్కుపోయేవాడు చెట్టు ప్రమాదమనే చెబుతాడు, ఎందుకంటే అది అతని బతుకుతెరువు. అనుమతి ఇచ్చే అధికారి వచ్చినప్పుడు కాగితం మీద సంతకంతో సరిపెట్టకుండా, మొదలు దగ్గర తవ్విన కాల్వ, పంగ, బీట మీద గీసిన పెన్సిలు గీతలు చూపించాలి. తుపాను వెళ్లిన వారంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆ వారం భయం చెప్పేదే వినిపిస్తుంది, రంపాల వాళ్ల రేట్లు కూడా ఆకాశంలో ఉంటాయి.

కొట్టించాలనే తేలితే, గూళ్లలో గుడ్లూ పిల్లలూ లేవని చూసుకుని, బంకమట్టి నేలైతే ఇంజినీరును అడిగి, అవసరమైతే రెండు మూడు దఫాలుగా కొమ్మలు తగ్గిస్తూ తీయించాలి. ఇంటి గోడకు మరమ్మతు వెంటనే చేయించకుండా రెండు మూడు వానాకాలాలు చూడాలి. అపాయం వెంటనే ఉన్నది కాకపోతే, కొత్త మొక్కను ముందే నాటుకోవచ్చు. ఇంటికి పడమర వైపు, గోడకు కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరంలో, చోటు చిన్నదైతే పొగడో, పారిజాతమో, జామో. అది పిట్టగోడ ఎత్తుకు వచ్చి పడమటెండను కాస్తయినా ఆపేదాకా పాత చెట్టు అక్కడే ఉంటుంది.